పైకి పోని రెండో కాగితం

గురువారం పొద్దున మా మేనమామ పోయాడని బీదర్ నుంచి అత్తయ్య ఫోన్ చేసింది. బసవకళ్యాణ్‌లో బస్సెక్కి నేను చేరేసరికే ఢిల్లీ నుంచి సంతాప సందేశం వచ్చి ఉంది. ‘కడదాకా నోరు విప్పని నమ్మకస్తుడు’ అట. చదివితే ఒళ్లు మండింది.

మామ ఢిల్లీలో నిఘా శాఖ పెద్ద ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేశాడు. ఊళ్ల నుంచి వచ్చే కబుర్లు నిజమో కాదో ఆరా తీసి, శాఖ అధిపతి పెద్దసాబు బల్ల మీద పెట్టడం ఆయన పని. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. ఎవరి మీదైనా చాడీ చెప్పబోతే రొట్టె తుంచడం ఆపి, “నువ్వు చూసినవా బిడ్డా, ఎవలన్న చెప్పిన్రా?” అనేవాడు. నేను నోరు అదుపులో పెట్టుకుని బతుకుతున్నానంటే ఆయన చలవే.

రిటైరై వచ్చిన కొత్తలో, “మీ పెద్దసాబుకు గంత పవర్ ఏముంటది మామా?” అని అడిగాను.

“లాఠీ లేదు, లాకప్ లేదు. ఒక్కన్ని సుత అరెస్టు చెయ్యలేడు. ఏ కాగితం పైకి పోవాలె, ఏది పోవద్దు, గది ఆయన చేతుల ఉంటది. గది సాలదా?” అన్నాడు.

అప్పుడే బీదర్ పక్కనున్న చిద్రి సంగతి చెప్పాడు. అక్కడ రేడియోలు బాగుచేసే ఒకతను సరిహద్దు అవతలికి కబుర్లు పంపుతున్నాడని ఎవరో రాసి పంపారు. మామ ఆరా తీసి, అది పచ్చి అబద్ధమని రెండో కాగితం రాసి జత చేశాడు. పైవాళ్లు గట్టి కబురేదైనా తెమ్మని తొందరపెడుతున్న రోజులవి. పెద్దసాబు గుండుసూది పీకి, రెండోది సొరుగులో పడేసి, మొదటిదే పైకి పంపాడు. ఆ మనిషి నాలుగేళ్లు జైల్లో మగ్గాక కోర్టు వదిలేసింది. సాబును అడిగిన నాథుడు లేడు. పైగా పదవి పొడిగించారు.

“నువ్వన్న కోర్టుల చెప్పకపోతివా?”

“ఆఫీసు ముచ్చట బైట చెప్పనని ప్రమాణం చేసిన బిడ్డా. నోరు తెరిస్తే నన్నే లోపల ఏస్తుండ్రి.”

ఆ జవాబూ నాకు అసహ్యమే. ఆయనంటే ప్రాణం కాబట్టి ఇంకా ఎక్కువ.

శవాన్ని లేపే వేళకు ఒక నడివయసు మనిషి సైకిల్ దిగాడు. చిద్రిలో తనకు రేడియో దుకాణం ఉందన్నాడు. అతనే అని అర్థమైంది.

“మీ మామ వారం వారం వస్తుండె అక్కా. మంచిగున్న రేడియోనే తెచ్చి సూడుమంటుండె. గంటలు గంటలు కూసుంటుండె. జైలుకు పోయొచ్చినోన్నని అందరు మొకం తిప్పుకునిరి. ఆయన ఒక్కడే తిప్పుకోలే.”

మామకు ముందే అంతా తెలుసన్న నిజం నా నోటిదాకా వచ్చింది. అత్తయ్య వైపు చూసి మింగేశాను. నా మీద నాకే రోత పుట్టింది.

అతను చెప్పులు విప్పి పాడె దగ్గరికి వెళ్లాడు. తల వైపు బరువెక్కువని ఎవరో అన్నారు.

“ఫికర్ లేదు, నేను మోస్త,” అని ముందుకు జరిగి భుజం పెట్టాడు.