ఊ కొట్టని నిమిషం

పిల్లలకు చదువు ఎంత వచ్చిందో కొలిచే ఉద్యోగం నాది. ఈ మాట వినగానే బొబ్బిలిలో మా చుట్టాలందరూ ఒకే ప్రశ్న వేస్తారు: "దేంతో కొలుస్తావేటి, కుంచంతోనా?" మాది బియ్యం కొట్టు. కొలత అంటే వాళ్ళకి అదే గుర్తొస్తుంది మరి. నా చేతిలో ఉండేది ఒక ట్యాబ్, అందులో ఒక నిమిషం గడియారం. హైస్కూళ్ళకి వెళ్ళి, తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక పేజీ కథ ఇచ్చి పైకి చదవమనాలి. నిమిషంలో ఎన్ని మాటలు తప్పు లేకుండా చదివారో లెక్కపెట్టాలి. ఒక అంకె దగ్గర గీత గీసి ఉంటుంది. అది దాటితే సరే. దాటకపోతే ఆ బిడ్డకి చదవడం సరిగా రాదని మా పరిశోధన తేలుస్తుంది.

శ్రీకాకుళంలో మాకిచ్చిన శిక్షణలో అన్నిటికన్నా కష్టమైన పాఠం ముఖానిది. పిల్లలు చదువుతుంటే నవ్వకూడదు, తల ఆడించకూడదు, ఆ అనకూడదు, ఊ అనకూడదు. మన ముఖం చూసి ఒకరు ధైర్యం తెచ్చుకుని, ఇంకొకరు బెదిరిపోతే కొలత పాడవుతుందని చెప్పారు. న్యాయంగానే అనిపించింది. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి రాతిముఖం సాధన చేశాను. మా అమ్మ గుమ్మంలోంచి చూసి, "ఏటే, పళ్ళు గానీ నొప్పెడతన్నాయా?" అంది.

శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళ్తే చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళు వస్తాయి. అందులో ఒక ఊరి హైస్కూలు నాకు ఇప్పటికీ సగం నిద్రలో చూసినట్టే గుర్తుంది. ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టి, ముట్టుకుంటే రాలుతున్నాయి. పొద్దున్న పది దాటినా ఆవరణలో మంచు లాంటిదేదో తేలుతూనే ఉంది. వరండా చివర నాకు బల్ల వేశారు. అక్కడ కూర్చుంటే అలల చప్పుడు వినపడేది, సముద్రం మాత్రం కనపడేది కాదు. పిల్లలు ఆ తెల్లదనంలోంచి ఒక్కొక్కరే వచ్చి, చదివి, మళ్ళీ అందులోకే వెళ్ళిపోతున్నారు. నేను గీతకి ఇటు కొందరిని, అటు కొందరిని రాసుకుంటూ కూర్చున్నాను.

ఆ అమ్మాయి మధ్యాహ్నం వచ్చింది. పొడుగ్గా ఉంది, రెండు జడలకీ నీలం రిబ్బన్లు. కథలో ఒక కండక్టరుకి బస్సులో ఎవరో మరిచిపోయిన గొడుగు దొరుకుతుంది. మొదటి వాక్యం గంట కొట్టినట్టు చదివింది. ఆగింది. తలెత్తి నా ముఖంలోకి చూసింది. నేను రాయి. ఒక ఊపిరి, ఇంకో ఊపిరి. కళ్ళు దించి రెండో వాక్యం చదివింది. మళ్ళీ ఆగింది, మళ్ళీ చూసింది. తర్వాతి మాట రాక సాయం అడుగుతోందనుకున్నాను. అడిగినా ఇవ్వకూడదు కాబట్టి ముఖం ఇంకా బిగించాను. గొడుగు ఎవరిదో తెలియకముందే నిమిషం అయిపోయింది. గీతకి నాలుగైదు మాటల ఇవతల ఉండిపోయింది ఆ పిల్ల.

ఆ రోజు నా పని చాలా పద్ధతిగా జరిగిందని నేను మురిసిపోయానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

వారం తిరక్కుండా జాబితా బడికి వచ్చింది. గీత దాటని వాళ్ళని నాలుగు నెలలపాటు చివరి రెండు పీరియడ్లూ వేరే గదిలో కూర్చోబెట్టి చదవడం నేర్పాలి. ఆ రెండు పీరియడ్లూ లెక్కలు, భౌతికశాస్త్రం. ఇళ్ళకి వెళ్ళి వివరాలు రాసుకోవడం మా పనిలో రెండో భాగం కాబట్టి నేను మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. వరండాలో ఆ అమ్మాయి ఎదురొచ్చింది.

"మేడమ్, నాకు సదవడం వచ్చు" అంది. ఏడవలేదు, కోప్పడలేదు. "పది అవ్వగానే పాలిటెక్నిక్ పరీక్ష రాయాల. లెక్కల కళాసు పోతే ఎలాగ?"

"కాయితంలో ఏముంటే అదేనమ్మా, నా చేతిలో ఏం లేదు" అన్నాను. కాయితం రాసిన చెయ్యి నాదే అయినా అంత సుళువుగా అనేశాను.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. తల్లీ తండ్రీ వేట మీద, బేరం మీద బయటే ఉంటారు. ఇంట్లో ఉండేది మామ్మ, అంటే తండ్రి తల్లి. అరుగు మీద కూర్చుని ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు ఏరుతోంది. పక్కన పాత వారపత్రికల కట్ట ఉంది. చేపలు పొట్లం కట్టడానికి కిలోల లెక్కన కొన్న కాగితాలు. నేను ప్రశ్నలు మొదలుపెట్టాను. ఇంట్లో పుస్తకాలెన్ని, దీపం ఉందా, బల్ల ఉందా. తర్వాత, "పిల్ల చదువుకి ఇంట్లో ఎవరు సాయం చేస్తారు?" అని అడిగాను.

"నానే" అంది ముసలమ్మ.

"మీకు చదువొచ్చా?"

"నాకు సదువేటమ్మా! అది సదువుతాది, నాను ఊ కొడతాను. ఊ కొట్టకపోతే కత ముందుకెల్దు."

నా ట్యాబ్‌లో ఈ ప్రశ్న కింద ట్యూషన్‌కి ఒక నంబరుంది, అన్నకి, అక్కకి, తండ్రికి ఒక్కో నంబరుంది. ఊ కొట్టేవాళ్ళకి లేదు. నేను వెతుకుతూ ఉండగానే ఆ అమ్మాయి కట్టలోంచి ఒక కాగితం లాగి చదవడం మొదలుపెట్టింది. మొదలూ తుదీ లేని సీరియల్ ముక్క. ఒక వాక్యం చదివి ఆగి, తలెత్తి చూసింది. "ఊ" అంది మామ్మ. రెండో వాక్యం. "ఊ." ఒక్కో ఊ ఒక్కో రకంగా ఉంది. ఒకటి అనుమానం, ఒకటి అయ్యో, ఒకటి నాకు ముందే తెలుసులే అన్నట్టు. చదివిన కాగితం పొట్లం కావడానికి పక్కకి వెళ్ళిపోతోంది. వెలుతురు పల్చబడుతోంది, పిల్ల గొంతూ ముసలి ఊ అలల్లో కలుస్తున్నాయి. నేను ఎక్కడ కూర్చున్నానో కాసేపు మరిచిపోయాను.

కొట్టు కట్టేశాక మా అమ్మ పక్కన పడుకుని నేను విన్న కథలన్నీ గుర్తొచ్చాయి. నా ఊ ఆగితే నేను నిద్రపోయానని అమ్మ లెక్క, కథ అక్కడితో ఆపేసేది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గాని, మా ఇళ్ళలో వినేవాడు ఊ అంటేనే కథ. అది తెలిసి పెరిగిన దాన్ని, ఆ పిల్ల ముందు మేలుకుని ఉండి కూడా నిద్రపోయినదాన్లా కూర్చున్నాను. ఆ అమ్మాయి ఊ కోసం ఆగింది. నేను చదవడం రాదని రాశాను. నా మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

మా పై అధికారికి ఫోన్ చేశాను. "ఒక్కరికి మళ్ళీ పెడితే అందరికీ పెట్టాలి. రిమార్కుల్లో రాయండి" అన్నాడు. 'శ్రోత స్పందన కొరకు నిరీక్షించును' అని రాశాను. రాసి చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. హెడ్‌మాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచివాడే. జాబితా నా ముందు పెట్టి, "మేడమ్, ఇది మీ కాయితమే కదా? ఇప్పుడు మీరే కాదంటే నానేటి సెయ్యను?" అన్నాడు.

నాలుగు నెలల తర్వాత రెండో విడత వచ్చింది. అదే వరండా, అదే బల్ల, కొత్త కథ. నేను మీట నొక్కాను. ఆ అమ్మాయి కోటబొమ్మాళి స్టేషన్లో ఆగని ఎక్స్‌ప్రెస్‌లా వెళ్ళిపోయింది. వాక్యాల చివర చుక్కల దగ్గర ఆగలేదు. ఒక్కసారి కూడా నా ముఖం చూడలేదు. నిమిషం ఇంకా మిగిలి ఉండగానే పేజీ అయిపోయింది.

"దాటానా మేడమ్?"

"ఎప్పుడో దాటావు."

"లెక్కల కళాసుకి పంపిస్తారా?"

"రేపటినుంచే."

పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. నేను కూడా నవ్వాను, నిబంధన ఏదైనా కానీ అని. గుండెల మీంచి బస్తా దించినంత తేలిక అయింది నాకు. ఆ వార్త మామ్మకి నేనే చెప్పాలని సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. మా కొట్టులో పోగుపడ్డ పాత వారపత్రికలు కూడా సంచిలో తీసుకెళ్ళాను.

అదే అరుగు, అవే నెత్తళ్ళు. కట్టలోంచి ఒక పత్రిక తీసి అమ్మాయి చదవడం మొదలుపెట్టింది. మొదటి వాక్యానికి మామ్మ "ఊ" అనేసరికి పిల్ల మూడో వాక్యంలో ఉంది. "ఆగే, ఆ ముసిలోడు ఏటన్నాడు?" అంది మామ్మ. పిల్లకి వినపడలేదు, పేజీ తిప్పేసింది. మామ్మ ఇంకో ఊ అనబోయి, ఎక్కడ అనాలో తెలియక, నోరు మూసుకుని నెత్తళ్ళు ఏరుకుంది. కాసేపటికి నా వైపు తిరిగింది. ముఖంలో గర్వమే ఉంది, లేదనను.

"బాగా సదువుతంది కదమ్మా? ఇప్పుడు నానే ఎనకబడిపోనాను" అంది.

అమ్మాయి చదువుతూనే ఉంది. తర్వాతి చుక్క కోసం చెవి ఒగ్గి, అది రాగానే, నేను గట్టిగా "ఊ" అన్నాను. అమ్మాయి ఆగి, తలెత్తి నా ముఖంలోకి చూసింది.