పెద్దమ్మకు ప్రతి గురువారం క్యాన్సర్

మా పెద్దమ్మకు ప్రతి గురువారం ఉదయం క్యాన్సర్ వస్తుంది. మధ్యాహ్నం భోజనం వేళకు తగ్గిపోతుంది.

బస్సు కండక్టరుగా రిటైరయ్యాక మెడికల్ కాలేజీలో ఆమెకు ఈ పని దొరికింది. డాక్టర్లు కాబోయే పిల్లలు రోగికి చెడ్డ కబురు చెప్పడం నేర్చుకోవాలి. నిజమైన రోగుల మీద నేర్చుకుంటే బాగుండదని పెద్దమ్మను కూర్చోబెడతారు. రొమ్ములో గడ్డ, రిపోర్టు వచ్చింది, అది క్యాన్సరని పిల్లలు చెప్పాలి. ఆమె ఏడవాలి, లేదా తిట్టాలి, లేదా గోడకేసి చూస్తూ ఉండిపోవాలి. పక్క కుర్చీలో కూతురి వేషంలో నేను. నాకు మాటలుండవు. అందుకే ఒప్పుకున్నాను.

పెద్దమ్మ ఏడవడంలో దిట్ట, ఏడిపించడంలో ఇంకా దిట్ట. ఒకమ్మాయి పాత మాటైతే మెత్తగా ఉంటుందనుకుని "రాచపుండు అండీ" అంది.

"రాజులకు రావలసింది మా ఇంటికొచ్చిందేంటమ్మా? అడ్రసు తప్పిందేమో చూడు."

ఆ పిల్ల నిజంగానే కాగితం తిరగేసి చూసింది.

ఒక గురువారం మాత్రం పరీక్ష. లోపలికొచ్చిన కుర్రాడికి పెద్దమ్మ పెట్టిన పేరు నీళ్లబాబు. ఇదివరకు రెండుసార్లు క్యాన్సరన్న మాట దగ్గరే నీళ్లు నమిలి తప్పాడు. ఈసారీ తప్పితే ఏడాదంతా మళ్లీ చదవాలి. మూలన బల్ల వెనక పెద్ద డాక్టరమ్మ కలం పట్టుకుని కూర్చుంది. సాయం చేయకూడదని పెద్దమ్మకు ముందే గట్టిగా చెప్పారు.

"అదీ... రిపోర్టు వచ్చిందండీ. చిన్న... మరీ చిన్నదేం కాదు... ఒక రకం కణాలు..."

"ఏం కణాలు బాబూ, నిప్పుకణాలా?"

అతను చటుక్కున నావైపు తిరిగాడు. "మీరు ఆవిడ తాలూకా అండీ? ఒక్కసారి బయటికొస్తారా, మీతో మాట్లాడాలి."

ఆసుపత్రుల్లో అందరూ చేసేదదే. రోగిని మంచం మీద వదిలేసి తాలూకు వాళ్ల చెవిలో ఊదుతారు. ఇక్కడ అలా చేస్తే సున్నా. నేను లేచానంటే అతని ఏడాది గంగలో కలిసినట్టే. లేవననడానికి నా వేషానికి మాటల్లేవు.

"దానికి చెవుడు నాయనా," అంది పెద్దమ్మ కన్నార్పకుండా. "పుట్టు చెవుడు."

డాక్టరమ్మ కలం ఆగింది.

ఇంకెవరైనా అయితే అప్పుడు పెద్దమ్మ వైపు తిరిగేవారు. నీళ్లబాబు నా చెవి దగ్గరకు వంగి, గుండెల నిండా గాలి పీల్చి, "మీ అమ్మగారికి క్యాన్సర్!" అని అరిచాడు.

కిటికీ అద్దం అదిరింది. నేను కుర్చీలో ఎగిరిపడ్డాను, పుట్టు చెవిటిదాన్నన్న సంగతి మరిచిపోయి. ఆయా తలుపు తోసుకుని వచ్చింది.

"ఎవరికమ్మా పాపం?"

"నాకేనమ్మా. నువ్వెళ్లు, ఇంకా వివరాలు రాలేదు."

ఆయా వెళ్లాక నీళ్లబాబు తల పట్టుకున్నాడు. తర్వాత స్టూలు లాక్కుని, మోకాళ్లు తగిలేంత దగ్గరగా పెద్దమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

"చెప్పాల్సింది మీకండీ. భయమేసి ఆవిడకి చెప్పాను. మీకొచ్చింది క్యాన్సరే. వైద్యం ఉంది. ఏం అడిగినా చెప్తాను. తెలియకపోతే తెలియదనే చెప్తాను."

పెద్దమ్మ ఏడవాల్సిన చోటది. ఏడవలేదు.

"చచ్చిపోతానా బాబూ?"

"ఇప్పుడే చెప్పలేనండీ. ఎంతవరకు పాకిందో ముందు చూడాలి. చూసి, మీకే చెప్తాను."

మాట తడబడలేదు.

అతన్ని బయటికి పంపి డాక్టరమ్మ కళ్లజోడు తీసింది. "కూతురి వేషంలో చెవుడు లేదే?"

"రోగులు అబద్ధాలాడరా అమ్మా? అదీ నేర్చుకోవాలిగా."

"నోటికి తాళం లేదు మీకు. సరే, మీరు నిజంగానే రోగి అయితే ఈ అబ్బాయి దగ్గరికి మళ్లీ వస్తారా?"

"వస్తాను," అంది పెద్దమ్మ, ఈసారి నవ్వకుండా.

డాక్టరమ్మ నావైపు తిరిగింది. "తాలూకు ఏమంటుంది?"

అంతవరకు ఆ గదిలో నన్నెవరూ ఏమీ అడగలేదు. చెవి ఇంకా గింగురుమంటోంది.

"పాసు చేసెయ్యండమ్మా," అన్నాను. "ఇంకోసారి వచ్చాడంటే నాకు నిజంగానే చెవుడొస్తుంది."