చక్రవర్తి వాకిట్ల వంటావార్పు

చైనా చక్రవర్తి కోటలో జై తెలంగాణ జెండా ఎగిరిన వీరగాథ చెప్త, వినండి. ఎగరలేదు. గేటు కాడనే గుంజుకున్నరు. మిగిలింది సకినాల కథ.

మా మామకు కోరుట్లల ఎరువుల దుకాణం. ఆ ఏడు సరుకు బాగా అమ్మిండని కంపెనీ ఇద్దరికి చైనా టూరు ఇచ్చింది. అత్తకు విమానమంటే భయం, నాకు పని లేదు, గట్ల నేను పోయిన. అప్పుడు ఉద్యమం జోరు మీదుంది. రోడ్డు మీద పొయ్యి పెట్టి, వండి, అక్కడనే కూసొని తినుడు మా నిరసన, పేరు వంటావార్పు. రోజుకొకరి వంతు. ఎరువుల దుకాణాల వంతు సరిగ్గా మేము బయల్దేరే రోజే పడ్డది.

"రాష్ట్రం కోసం పోరగాళ్ళు సస్తుంటే నువ్వు చైనా చూడవోతవా సేటూ?" అన్నడు ఉద్యమం టెంటు నడిపే పెద్ద. "పోయి రా. వచ్చినంక నీ దుకాణంల ఒక్క బస్తా లేస్తదేమో చూద్దాం."

మల్లాపూర్ దిక్కు రైతులంతా టెంటు మాట వింటరు. మామకు అన్నం సయించలే. సిరిసిల్ల గుడ్డ మీద జై తెలంగాణ అని రాయించి సంచిల పెట్టుకున్నడు. చక్రవర్తి కోట ముందర పట్టుకొని ఫొటో దిగి, పేపర్ల వేయిస్తే పాపం పోతదని ఆశ.

గేటు కాడ సిపాయి గుడ్డ తీసుకున్నడు. లోపల ఎర్ర గోడలు, పసుపు పెంకులు, మా మార్కెట్ యార్డులు నాలుగు పట్టేంత వాకిలి. మామ ఏదీ చూడలే. నడి వాకిట్ల కాళ్ళు మడిచి సక్లంముక్లం కూసొని సకినాల డబ్బా తెరిచిండు.

"ఏంది మామా, ఆకలా?"

"వంటావార్పురా. నా వంతు."

"వంట ఏది?"

"మీ అత్త చేసింది. నేను తింట. నువ్వు ఫొటో తియ్యి."

ఒకప్పుడు మంత్రులు చక్రవర్తికి మొక్కి నుదురు ఆనించిన రాళ్ళ మీద మామ సకినాలు కొరికిండు. ఇంకో సిపాయి లేవమని చెయ్యి ఊపిండు. మామ ఆయనకూ ఒకటి ఇచ్చిండు. ఆయన వాసన చూసి, చెత్తడబ్బా చూపించిండు.

కోరుట్లకు తిరిగొచ్చేసరికి రైతులు పక్క దుకాణంల లైను కట్టిండ్రు. అది టెంటు పెద్ద బామ్మర్దిది. ఉద్యమానికీ బామ్మర్దికీ సంబంధం లేదట. నేనూ నమ్మిన.

విలేకరి ఫొటో చూసి, "ఇందుల ఉద్యమం ఏది? తినుడే కనిపిస్తున్నది" అన్నడు. మామ బతిమాలితే వేసిండు.

ఫొటో పేపర్ల పడ్డనాడు మామ పొద్దుగాలనే బస్టాండుకు పోయి నిలబడ్డడు. జగిత్యాల కాడ మావోళ్ళు రాస్తారోకో పెట్టిండ్రు. పేపర్ల వ్యాను రాలే. మర్నాడు వచ్చింది, మర్నాటి పేపర్లు ఏసుకొని.