తలుపు కింది కాగితం

ఆసుపత్రిలో అందరూ అతన్ని గాలి మేస్త్రి అంటారు. సర్టిఫికెట్టంటూ ఏదీ లేదు. పాత మోటార్లు విప్పి, బిగించి, మళ్ళీ విప్పి నేర్చుకున్న పని. ఇరవయ్యారేళ్ళుగా ఆ భవనంలో ఏ ఫ్యాను మూలిగినా నిచ్చెన భుజానేసుకుని వచ్చేది అతనే. జేబులో స్క్రూడ్రైవరు పక్కన పల్చటి కాగితం ముక్క ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

ప్రమాదకరమైన వైరస్ రోగాలొస్తే రోగుల్ని ఉంచడానికి రెండో అంతస్తు చివర కొత్త గది కట్టారు. అందులో గాలి వరండాలోంచి లోపలికి పోవాలి, పైగొట్టంలోంచి వెళ్ళిపోవాలి. వెనక్కి మాత్రం రాకూడదు. వచ్చే సోమవారం నుంచి ఆ తలుపు బయట స్టూలు మీద కూర్చోబోయే ఆయా అతని భార్యే.

శుక్రవారం అతను తలుపు కింది సందు దగ్గర కాగితం పట్టుకున్నాడు. లోపలికి పోవాల్సిన కాగితం ఎగిరొచ్చి మొహానికి కొట్టింది. గోడ మీద, అంతా సవ్యంగా ఉందని చెప్పే పచ్చలైటు మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది.

"ఏమయ్యా, ఇంకా కాగితాలాటేనా?" సూపరింటెండెంటు రిజిస్టరు ముందుకు తోశాడు. "గది సిద్ధమని సంతకం పెట్టు. రేపు తనిఖీవాళ్ళొస్తున్నారు."

"గాలి బయటికొస్తోంది సార్."

"ప్లాన్లో అంతా కరెక్టుగానే ఉంది."

"ప్లాను దగ్గదు సార్. పేషెంటు దగ్గుతాడు."

సంతకం పెట్టకుండానే నిచ్చెన కోసం బయల్దేరాడు. మెట్ల దగ్గర భార్య అడ్డుపడింది.

"అందరితోనూ పేచీయేనా? ఒక్క సంతకమేగా, పారేసి రాకూడదూ!"

"ఆ తలుపు ముందు కూర్చునేదెవరే? ఆయన పెళ్ళామా?"

ఆమె వెంట వచ్చి నిచ్చెన పట్టుకుంది.

వరండాలో తలుపు పైన గొట్టానికి బిగించిన జాలీ విప్పేసరికి అతని ఒళ్ళు మండిపోయింది. గొట్టం నిండా మడిచి కుక్కిన అట్టపెట్టె! ఫ్యాను తిరుగుతోంది గనక లైటు వెలుగుతోంది, గాలి మాత్రం పైకి పోలేక తలుపు కిందనుంచి తన్నుకొస్తోంది. అట్ట పీకగానే గొట్టం హోరుమంది. కింద భార్య అతనిచ్చిన కాగితం తలుపు సందు దగ్గర పెట్టగానే, అది వేళ్ళలోంచి జారి లోపలికి దూరిపోయింది.

అతను దుమ్ముతో సహా ఆ అట్టను సూపరింటెండెంటు బల్ల మీద పడేశాడు.

"ఎవరి పని సార్ ఇది?"

ఆయన గొంతు తగ్గింది. "ప్రారంభోత్సవం రోజు ఆ హోరులో ఉపన్యాసాలు వినపడలేదయ్యా. నేనే పెట్టించాను. తీయించడం మర్చిపోయాను."

"మీ ఉపన్యాసం కోసం మా ఊపిరి మూశారా?"

"అరవకయ్యా. రేపు కూడా రెండు మాటలు మాట్లాడాలి..."

"మెట్ల కింద మాట్లాడుకోండి!"

రిజిస్టరు లాక్కుని, 'పైగొట్టం మూస్తే ఈ గదిలో రోగిని పెట్టకూడదు' అని పేజీ నిండా రాసి, కింద సంతకం చేశాడు. జాలీ బిగించి తాళం వేసి, తాళంచెవి భార్య చేతిలో పెట్టాడు.

"ఎంత పెద్దాయన అడిగినా ఇవ్వకు."

ఆమె స్టూలు తలుపుకి అడ్డంగా జరుపుకుని కూర్చుంది.

"అడగమను చూద్దాం," అంది.