టోకెనక్క విహారయాత్ర

పెద్ద బట్టల దుకాణం గుమ్మంలో, చెక్కబల్ల వెనక నిలబడి, వచ్చినవాళ్ల సంచులు తీసుకుని టోకెన్లు ఇవ్వడం ఆవిడ ఉద్యోగం. అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ టోకెనక్కే. ఎవరి సంచి ఏ గూట్లో ఉందో కళ్లు మూసుకుని చెబుతుంది. టోకెన్ పారేసుకుని నానా యాగీ చేసే ఆసామికి, "టోకెన్ లేనిదే సంచి లేదు, రాజుగారైనా సరే" అని మొహం మీదే చెప్పగల గట్టి మనిషి. బల్ల ఇవతలికి వచ్చిందంటే మాత్రం ఆ గట్టిదనమంతా అక్కడే వదిలేసి వస్తుంది.

ఉండేది తమ్ముడింట్లో. పెళ్లి చేసుకోలేదు కాబట్టి ఈవిడకి పనేం ఉండదని వాళ్ల లెక్క. ఎవరింట పెళ్లికి వెళ్లినా, అందరూ భోజనాల దగ్గరుంటే ఈవిడ గదిలో సూట్‌కేసుల దగ్గరుంటుంది. "నువ్వెలాగూ ఖాళీయే కదా వదినా, కాస్త చూస్తుండు" అంటుంది మరదలు. చూస్తూనే ఉంది పాపం, ఇన్నేళ్లూ.

దుకాణంలో ఆవిడ బల్లకెదురుగా ఒక పాత క్యాలెండరు వేలాడుతుంటుంది. ఏడాది అయిపోయినా తీయనివ్వలేదు. దాని మీద ఒక దీవిలోని సముద్రపు గుహ, లోపల నీలంగా వెలిగే నీళ్లు. చచ్చేలోపల ఆ గుహలోకి ఒక్కసారి వెళ్లాలని ఆవిడ కోరిక. ఆ దీవికి టూరు టిక్కెట్టు కొన్నానని చెప్పిన రోజు "ఒక్కదానివేనా?" అని ఇల్లంతా నోరు వెళ్లబెట్టింది. ఒక్కదాన్నే ఉండాలనే కదా వెళుతున్నది!

ఆ ఒక్కదనం కాస్తా దీవికి వెళ్లే పడవలోనే గల్లంతయింది. పక్కన ఒక రిటైరైన మేష్టారు, ఆయన భార్య, వాళ్లకెదురుగా కొత్తగా పెళ్లయిన జంట. అందరిదీ ఒకే టూరు, ఒకే బస. మేష్టారి భార్య "ఒక్కరే వచ్చారా? అయ్యో!" అని జాలిపడి, పడవ ఒడ్డు చేరేలోపల "వదినగారూ" అని వరస కలిపేసింది. కొత్తజంట "పిన్నిగారూ" అంది. వరస కలిపేవాళ్లతో వచ్చిన చిక్కే ఇది. "ఏమండీ" అన్నవాళ్లకి కుదరదని చెప్పొచ్చు. "వదినగారూ" అన్నాక ఏ మొహం పెట్టుకుని చెబుతాం?

మర్నాడు అడవిలో, చెట్ల మధ్య కట్టిన తాడుకి వేలాడుతూ జారే ఆట. టోకెనక్క ముందే హెల్మెట్ పెట్టుకుని నిలబడింది. "వదినగారూ, మేం చటుక్కున జారి వచ్చేస్తాం, ఈ సంచి కాస్త..." అంది మేష్టారి భార్య. దాని మీద కొత్తజంట సంచులు పడ్డాయి. "మీరెలాగూ ఒక్కరే కదా పిన్నిగారూ." వాళ్లు జారి, మళ్లీ జారి, ఫొటోలు దిగి వచ్చేసరికి వాన పట్టుకుంది, ఆట కట్టేశారు. ఆవిడ హెల్మెట్ విప్పి ఇచ్చేసింది.

ఆ తర్వాతి రోజు అద్దాలు పెట్టుకుని నీళ్లలో రంగు చేపల్ని చూడడం. మళ్లీ అదే కథ. "ఒడ్డున కూర్చుంటే మీకూ విశ్రాంతి" అన్నారు మేష్టారు. విశ్రాంతే కావాలంటే ఇంట్లో మంచం లేదా అని అడగబోయింది. అడగకుండానే సంచులు ఒళ్లో పెట్టుకుంది. సాయంత్రం గదికొచ్చి తువ్వాలు గోడకేసి కొట్టి, "నోట్లో ఏం పెట్టుకున్నావే!" అని తనని తానే తిట్టుకుంది.

ఆఖరి రోజు గుహ. ఇవాళ ఎవరేమన్నా ముందు పడవలో తనే ఎక్కాలని పొద్దున్నే ఒట్టు పెట్టుకుంది. తీరా రేవులో మేష్టారు, "పడవలో నలుగురికే చోటట. మేం సరిగ్గా నలుగురం. తర్వాతి పడవ మీది" అన్నారు. ఆవిడ నోరు తెరిచేలోపల సంచులు కాళ్ల దగ్గర కుప్ప పడ్డాయి.

పడవ గుహలోకి వెళ్లింది, బయటికి వచ్చింది. వచ్చినవాళ్లు మాత్రం ఇటు రాలేదు. రాళ్లకి అవతల, కొబ్బరిబొండాల పాక దగ్గర దిగిపోయారు. పడవవాడు ఖాళీగా తిరిగొచ్చి, "ఇదే ఆఖరు పడవమ్మా. నీళ్లెక్కుతున్నాయి. రేపట్నుంచి వానలు తగ్గేదాకా గుహ మూసేస్తాం" అన్నాడు.

టోకెనక్క మేష్టారికి ఫోన్ చేసింది. అది ఆవిడ కాళ్ల దగ్గరి సంచిలోనే మోగింది.

అరికాలి మంట నెత్తికెక్కింది. సంచులన్నీ మెడకీ భుజాలకీ తగిలించుకుని పడవ దగ్గరికి నడిచింది.

"ఇన్ని సంచులా!" అన్నాడు పడవవాడు. "గుహ నోరు ఇరుకమ్మా, వెల్లకిలా పడుకుని దూరాలి. సంచులైనా ఎక్కాలి, మీరైనా ఎక్కాలి."

"మరి వీటినెక్కడ పెట్టను?"

"అదిగో, సామాన్ల బల్ల!" అని తెడ్డుతో టిక్కెట్ల పాక వైపు చూపించాడు.

పాక పక్కన ఒక చెక్కబల్ల. వెనక గూళ్లు. మేకుకి వేలాడుతున్న టోకెన్లు. ఒకావిడ తీరిగ్గా విసురుకుంటూ కూర్చుంది. టోకెనక్క సంచులతోనే అటు నడిచింది.

"ఈ బల్ల ఎప్పుడు పెట్టారు?" అని అడిగింది.

"ఎప్పట్నుంచో ఉందమ్మా" అంది బల్ల వెనకావిడ. "అడవిలో తాడాట దగ్గరా ఉంది, చేపల దగ్గరా ఉంది. పొద్దున మీవాళ్లని పిలిచాను కూడా, సంచులిటివ్వండీ అని. అక్కర్లేదు, మాకు మనిషి ఉంది అన్నారు."

మనిషి ఉంది. వదినగారు కాదు, పిన్నిగారు కాదు. ఏడుపొచ్చింది టోకెనక్కకి. మేష్టారి మీద కాదు, ఆయన నిన్నగాక మొన్న కలిసినవాడు. ఇంట్లో ఇన్నేళ్లుగా అందరూ అనుకుంటూ పైకి అనని మాట ఇదేనని తెలిసి ఏడుపొచ్చింది.

కళ్లు తుడుచుకుని సంచుల్ని ఒక్కొక్కటిగా, పట్టీలు లోపలికి మడిచి బల్ల మీద పెట్టింది. ఆఖరున తనది కూడా పెట్టింది. టోకెన్లన్నీ గుప్పిట్లోకి తీసుకుంది.

"మీవాళ్లొచ్చి అడిగితే ఇచ్చెయ్యనా?"

"టోకెన్ చూపిస్తే ఇవ్వండి."

"టోకెన్లు మీ దగ్గరే ఉన్నాయి కదమ్మా?"

"టోకెన్ లేనిదే సంచి లేదు. రాజుగారైనా సరే."

ఆవిడ విసనకర్ర ఆపి, మొహంలోకి చూసి నవ్వింది. "మీరూ బల్ల మనిషేనా?"

పడవలో వెల్లకిలా పడుకుంటే గుహ కప్పు ముక్కుకి తగిలేంత దగ్గరగా జరిగి వెళ్లింది. లోపల లేచి కూర్చుని చూస్తే నీళ్లు నల్లగా ఉన్నాయి. నీలమూ లేదు, వెలుగూ లేదు. సరిగ్గా అప్పుడే సూర్యుడికి మబ్బు అడ్డమొచ్చిందట. ఇంతా చేసి ఇదా, అని టోకెనక్కకి ఒళ్లు మండిపోయింది.

బయటినుంచి కేక వినపడింది. "వదినగారూ! మా సంచులూ!" గుహ ఆ వరసని గోడగోడకీ తిప్పి మళ్లీ మళ్లీ పిలిచింది.

"మిమ్మల్నేనా?" అన్నాడు పడవవాడు. "ఇంకాసేపు ఆగొచ్చు, ఫర్వాలేదు. లేకపోతే తిప్పెయ్యమంటారా?"

టోకెనక్క గుప్పిట ఒడిలో పెట్టుకుని సర్దుకుని కూర్చుంది.

"ఆ మబ్బు పోయేదాకా ఉందాం బాబూ. వాళ్లెలాగూ ఖాళీయే కదా."