నా చేతి గంట పోయిన ఆదివారం

శంషాబాద్‌లో మా డాబా మీద ప్రతి ఆదివారం కాలేజీ పిల్లల స్వేచ్ఛా చర్చా సంఘం కూడుతుంది. రాజకీయాలు మాట్లాడతారని కాలేజీలో గది ఇవ్వలేదట. ఆ మాట విని ఒళ్లు మండి నేనే రమ్మన్నాను. బడి ముఖం చూడకుండా, పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చిన నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. సమయం దాటితే గంట కొట్టడం, విమానం నెత్తి మీదుగా పోయేదాకా గడియారం ఆపడం నా పని.

ఒక నియమం కూడా నేనే పెట్టాను. ఎవరైనా ముందు ఎదుటివారి వాదన వినిపించాలి. వాళ్లు ఔనన్నాకే తమది మొదలుపెట్టాలి.

ఒక ఆదివారం దగ్గర్లోని కందుకూరు నుంచి వచ్చే అమ్మాయి లేచింది.

"తాతా, నీకు నచ్చని మాటొస్తే గంట జల్దీ మోగుతది. ఇగ గంట మాకియ్యి."

"నా డాబా మీద కూసొని నా గంటే అడుగుతవా?"

"డాబా నీదే, సంఘం అందరిది. ముందుగాల నా దిక్కు మాట్లాడు. నీ నియమమే గదా!"

కోపంగానే లేచాను. నాకు నచ్చక ఎవరిని ఏ మాట దగ్గర ఆపానో అన్నీ గుర్తున్నాయి. వరసగా చెప్పుకుంటూ పోయాను.

"గదే తాతా నా మాట!" అంది.

ఇక నా వాదన చెప్పాలి. విమానం వచ్చింది. అది పోయేదాకా గడియారం ఆపాను. గంట ఆమె చేతిలో పెట్టాను.

మరుసటి వారం అది మొదట మోగింది నా మీదే.

"చాలు తాతా, కూసో!"

గొణుక్కుంటూ కూర్చున్నాను.