మా బావగారి కూత

బావగారు పోయారన్న కబురు లారీలో వచ్చింది. నందిగామ సెంటర్లో బండి ఆపి, డ్రైవరు మా బడిదాకా నడిచి వచ్చాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేత్తో పట్టుకుని, "మీ బావ పోయిండమ్మా. మీ అక్క చెప్పమన్నది" అన్నాడు. ఏళ్ళ తరబడి గరికపాడులో మా బావగారి కొట్టు దగ్గరే పంచర్లు వేయించుకున్న మనిషి. ఆ మాట చెప్పి గుమ్మంలోనే కూలబడ్డాడు. పిల్లలే అతనికి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. నాకు ఆ ఆలోచన కూడా రాలేదు.

ఇవాళ ఆయన్ని తలుచుకోవడానికి వచ్చిన మీలో చాలామందికి ఆయన పంచర్ల కొట్టు మనిషిగానే తెలుసు. డెబ్బైలలో జగ్గయ్యపేట, నందిగామ తిరునాళ్ళలో చెడుగుడు చూసినవాళ్ళకు మాత్రం ఇంకోలా తెలుసు. ఆ ఆటంతా ఒక్క ఊపిరి మీదే. కూత పెట్టి అవతలివాళ్ళ బరిలోకి వెళ్ళాలి, దొరికినవాణ్ణి తాకి, ఆ కూత తెగకుండానే గీత దాటి రావాలి. మధ్యలో ఊపిరి పీలిస్తే అవుట్. మిగతావాళ్ళు అరిచినట్టు కూత పెట్టేవాళ్ళు. ఈయనది జోరీగ మోత. సన్నగా మొదలై సాగుతూనే ఉండేది. చూసేవాళ్ళకే ఊపిరాడేది కాదు.

మా అక్క ఆయన ఆట ఒక్కసారే చూసింది. పెళ్ళయిన కొత్తలో ఏడుగురూ కలిసి ఆయన మీద పడడం చూసి హడలిపోయింది. ఆ తర్వాత ప్రతి ఆటకూ వచ్చేది గానీ, మైదానం గోడవైపు తిరిగి కూర్చునేది.

"చూడనిదానివి ఇంట్లో ఉండొచ్చుగా" అని నేను ఏడిపించేదాన్ని.

"ఇంట్లో ఉంటే వినపడదు కదే" అనేది.

బావగారు నన్ను ఏడిపించకుండా వదిలేవారు కాదు. కొట్టుకు వెళితే చాలు, "పంతులమ్మా, ఈ ట్యూబుకి చిల్లెక్కడుందో చెప్పు చూద్దాం" అనేవారు. నేను తడిమి తడిమి ఓడిపోయాక, నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూపించేవారు. "మనుషులు దాస్తారు గానీ, నీళ్ళలో ముంచాక ట్యూబు దాచలేదమ్మా" అనేవారు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. విసుగొచ్చేది. ఇప్పుడు ఆయన మళ్ళీ అంటే బావుణ్ణు.

ఒక ఏడు నందిగామ మైదానంలో ఆట. ఆయనకు నలభై దాటాయి. మొదటి కూతకే ఇద్దర్ని కొట్టి వచ్చారు. ఒకటే ఈలలు, చప్పట్లు. అక్క గోడవైపు చూస్తూనే నా చెయ్యి పట్టుకుంది.

"విన్నావా?"

"ఏంటి?"

"చివర్లో సన్నబడిందే. ఎప్పుడూ గీత దాటాక కూడా సాగేది. ఇవాళ గీత మీదే ఆగిపోయింది."

ఇద్దర్ని కొట్టొచ్చిన మనిషికి ఏం రోగమని విసుక్కున్నాను. అక్క ఆ సంగతి ఆయనతో కూడా అనలేదు. ఆట తప్ప ఇంకే సంతోషమూ ఎరగని మనిషికి ఏమని చెబుతుంది?

మరుసటేడు జగ్గయ్యపేటలో ఇంకెవరూ చెప్పనవసరం లేకపోయింది. అవతలి బరి మధ్యలో ఆయన కూత తెగింది. అందరం విన్నాం. మైదానం సద్దుమణిగింది. అవతలివైపు కుర్రాళ్ళు ఆయన దగ్గర ఆట నేర్చుకున్నవాళ్ళే. ఒక్కడూ కదల్లేదు. రిఫరీ నోట్లో ఈల నోట్లోనే ఉండిపోయింది. మెల్లగా గీత దాటేస్తే సరిపోయేది. ఆయన గీత దాటకుండా అవతలే ఆగి, కుడిచెయ్యి పైకెత్తారు.

"కూత తెగింది. నేను అవుట్."

"లేదు బాబాయ్, మాకు వినపళ్ళేదు" అన్నాడు వాళ్ళ కెప్టెన్.

"నాకు వినపడిందిరా."

చెయ్యి దించకుండానే బయటికి నడిచారు. అక్క గోడవైపు నుంచి ఇటు తిరిగింది. ఆయన ఆట వదిలేసి వస్తుంటే కళ్ళారా చూసింది. నేను చూడలేకపోయాను.

మళ్ళీ ఆయన కూత పెట్టలేదు. లారీవాళ్ళు అడిగితే, "ఉన్న దమ్మంతా మీ టైర్లకు కొట్టేశాగా" అని నవ్వేవారు. ఆ నవ్వుకు అక్క లోపలికి వెళ్ళిపోయేది.

ఈ ఏడాది ఆ ఊపిరే ఆయనకు బరువైంది. పోయిన ఆదివారం ఆయన మంచం చుట్టూ చేరాం. డాక్టరు మాతో చెప్పాల్సింది చెప్పేశాడు. అయినా ఒకరు దసరాకు లేచి తిరుగుతారన్నారు, ఒకరు మొహం తేటపడిందన్నారు. నేనూ అన్నాను, "పండక్కి మీరు మా ఇంటికి రావాలి బావగారూ, నాటుకోడి వండుతా" అని. అక్క ఒక్కతే ఏమీ అనలేదు. మంచం పక్కన గోడవైపు తిరిగి కూర్చుని ఆయన ఊపిరి వింటోంది.

బావగారు మా అందరినీ వరసగా చూశారు. దుప్పట్లోంచి కుడిచెయ్యి బయటికి తీసి, పైకెత్తారు.

అక్క ఇటు తిరిగి, ఆ చేతిని మెల్లగా దించబోయింది. ఆయన దించనివ్వలేదు.